ఆసిలోస్కోప్ నాబ్ మీద చెయ్యి వేసే ముందు

వోల్టేజి కాలంతో పాటు ఎలా మారుతోందో తెర మీద గీసి చూపించే పరికరం ఆసిలోస్కోప్, పొట్టిగా స్కోప్. మా ల్యాబ్‌లో ఉన్న ఆసిలోస్కోప్‌లన్నిటి మీదా ఒక బటన్‌కి తెల్ల టేపు అతికించి ఉంటుంది. ఆటోసెట్ బటన్. కొత్త బ్యాచ్ వచ్చిందంటే ఎవరో ఒకరు గోటితో ఆ టేపు గీకి, "మేడమ్, ఇది పాడైపోయిందా?" అని అడుగుతారు. పాడవలేదు, భేషుగ్గా పనిచేస్తుంది. చిక్కంతా దాంతోనే.

ఆటోసెట్ నొక్కితే స్కోప్ సిగ్నల్‌ని తనే వెతుక్కుంటుంది. ఎత్తు సర్దుతుంది, వెడల్పు సర్దుతుంది, ట్రిగ్గర్ (ఎప్పుడు గీయడం మొదలుపెట్టాలన్న షరతు) పెట్టుకుంటుంది, చక్కటి అలను తెర మీద నిలబెడుతుంది. పరీక్షల కోసం సిగ్నల్ తయారుచేసే ఫంక్షన్ జనరేటర్ నుంచి వచ్చే సైన్ వేవ్‌తో ఏ పేచీ ఉండదు. అదే ఎప్పుడో ఒకసారి వచ్చే పల్స్ అయినా, 12 వోల్టుల డీసీ మీద ఉన్న చిన్న రిపుల్ (సన్నటి ఎగుడుదిగుడు) అయినా, చాలా నెమ్మదిగా కదిలే సిగ్నల్ అయినా ఆటోసెట్ తడబడుతుంది. తడబడ్డానని ఒప్పుకోదు, ఏదో ఒకటి గీసి చూపిస్తుంది. ఆ గీసింది నిజమో కాదో పిల్లలకి తెలియదు. ఏం రావాలో ముందు అనుకోలేదు కదా, ఏం వచ్చినా సరేననుకుంటారు.

అందుకని నేను పెట్టిన నియమం ఒకటుంది. సర్క్యూట్‌కి ఆనించే తీగను ప్రోబ్ అంటాం. దాన్ని పట్టుకునే ముందు కాగితం మీద రెండు అంకెలు రాయాలి. చూడబోయే సిగ్నల్ ఎన్ని వోల్టులు ఉండొచ్చు? ఎంతసేపటికి ఒకసారి తిరిగి రావచ్చు? అంచనా తప్పినా నేనేమీ అనను. ఖాళీ కాగితం మాత్రం ఒప్పుకోను. ముందు ప్యానెల్ మీద ఎన్ని నాబ్‌లు, ఎన్ని బటన్లు కనిపించినా, మొదటి అంకె వర్టికల్ నాబ్ దగ్గరికి, రెండోది హారిజాంటల్ నాబ్ దగ్గరికి తీసుకెళ్తుంది. మిగిలేది ట్రిగ్గర్. ఈ పోస్టులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను, ఎందుకంటే స్కోప్ ముందు ఏడుపు మొహాలు పెట్టేది ఎక్కువగా అక్కడే.

ముందు తెర సంగతి. మల్టీమీటర్ డీసీ రేంజ్‌లో 2.5 వోల్టులు చూపించిందనుకోండి. అది కదలకుండా ఉన్న 2.5 వోల్టులు కావచ్చు, సగం సేపు 0, సగం సేపు 5 వోల్టులుగా గంతులేస్తున్న స్క్వేర్ వేవ్ సగటు కూడా కావచ్చు. మీటర్‌కి ఆ తేడా తెలియదు. స్కోప్ వోల్టేజిని నిలువుగా, కాలాన్ని అడ్డంగా పెట్టి గ్రాఫ్ గీస్తుంది కాబట్టి ఆ తేడా ఒక్క చూపులో తెలిసిపోతుంది. తెర మీద సాధారణంగా నిలువునా 8 గళ్ళు, అడ్డంగా 10 గళ్ళు ఉంటాయి. కొన్ని కొత్త మోడళ్ళలో అడ్డంగా ఇంకా ఎక్కువ ఉంటాయి. గడినే డివిజన్ అంటాం. ఒక్కో గడి విలువ ఎంతో చెప్పడమే ఆ రెండు పెద్ద నాబ్‌ల పని. నాబ్ తిప్పితే సిగ్నల్ పెద్దదో చిన్నదో అయిపోదు, మనం చూసే కొలబద్ద మారుతుంది. ఇది చెప్పాల్సిన విషయమా అనిపిస్తుంది గానీ, "మేడమ్, నాబ్ తిప్పితే వోల్టేజి పెరిగింది" అనే మాట నేను ఇప్పటికీ వింటూనే ఉంటాను.

వోల్ట్స్ పర్ డివిజన్ నాబ్ 1, 2, 5 వరుసలో తిరుగుతుంది. 10 మిల్లీవోల్టులు, 20, 50, 100, 200, 500, తర్వాత 1 వోల్టు, 2, 5, అలా. కాగితం మీద "0 నుంచి 5 వోల్టులు" అని రాసుంటే, 1 వోల్టు దగ్గర పెడితే 5 గళ్ళ ఎత్తు వస్తుంది. బాగుంది. 500 మిల్లీవోల్టులు పెడితే 10 గళ్ళు కావాలి, ఉన్నవి 8, అంటే సిగ్నల్ తెర దాటిపోతుంది. అలా దాటిపోయిన సిగ్నల్‌కి స్కోప్ చూపించే పీక్ టు పీక్ (కింది అంచు నుంచి పై అంచు దాకా ఎత్తు), సగటు అంకెలు నమ్మడానికి పనికిరావు.

దాటకూడదు సరే, మరీ చిన్నగా ఉంటే నష్టమేంటి? చాలా డిజిటల్ స్కోప్‌ల లోపల ఉండేది 8 బిట్ల ఏడీసీ, అంటే వోల్టేజిని అంకెగా మార్చే భాగం. తెర ఎత్తునంతా సుమారు 256 మెట్లుగానే అది చూడగలదు. 5 వోల్ట్స్ పర్ డివిజన్ పెడితే తెర మొత్తం 40 వోల్టులు, ఒక్కో మెట్టు దాదాపు 156 మిల్లీవోల్టులు. మన 5 వోల్టుల సిగ్నల్ ఒకే గడిలో, ఓ 32 మెట్లలో ఇరుక్కుంటుంది. 1 వోల్టు దగ్గర పెడితే మెట్టు 31 మిల్లీవోల్టులకి దిగుతుంది, అదే సిగ్నల్ 160 మెట్లు ఎక్కుతుంది. ఖర్చు లేకుండా అయిదు రెట్ల సూక్ష్మత. 4096 మెట్లున్న 12 బిట్ల స్కోప్‌లు ఇప్పుడు వస్తున్నాయి గానీ వాటికీ లెక్క ఇదే. సిగ్నల్‌ని తెరలో దాటిపోనంత పెద్దగా పెట్టుకోండి.

పొజిషన్ నాబ్ గీతను పైకీ కిందికీ జరుపుతుంది. దీనికి పెద్ద కథ లేదు. తెర ఎడమ అంచున ఉండే చిన్న బాణం ఆ ఛానల్ సున్నా ఎక్కడుందో చెబుతుంది. గీత కనిపించకపోతే ముందు ఆ బాణం తెర లోపలుందో బయటుందో చూడండి. చాలా స్కోప్‌లలో ఆ నాబ్‌ని లోపలికి నొక్కితే సున్నా మధ్యకి వచ్చేస్తుంది.

సిగ్నల్‌ని స్కోప్ లోపలికి ఎలా తీసుకోవాలో చెప్పే కప్లింగ్ దగ్గర కాస్త ఆగాలి. ఏసీ సిగ్నల్‌కి ఏసీ కప్లింగ్, డీసీకి డీసీ కప్లింగ్ అని పిల్లలు తమంతట తామే ఓ సూత్రం తయారుచేసుకుంటారు. వినడానికి ఎంత సహజంగా ఉందో అంత తప్పు. డీసీ కప్లింగ్ అంటే వచ్చింది వచ్చినట్టు, డీసీ ఏసీ రెండూ కలిపి చూపించడం. ఏసీ కప్లింగ్ అంటే దారిలో ఒక కెపాసిటర్ పెట్టి డీసీ భాగాన్ని ఆపేయడం. మామూలుగా ఎప్పుడూ డీసీలోనే ఉంచండి. ఏసీ అవసరమయ్యే సందర్భం ఇలాంటిది: 12 వోల్టుల సప్లై మీద 50 మిల్లీవోల్టుల రిపుల్ చూడాలి. డీసీ కప్లింగ్‌లో 12 వోల్టులు తెరలో పట్టాలంటే 2 వోల్ట్స్ పర్ డివిజన్ కావాలి, అక్కడ 50 మిల్లీవోల్టులు గడిలో నలభయ్యో వంతు. కంటికి ఆనదు. ఏసీకి మార్చితే 12 వోల్టులు మాయమవుతాయి, 20 మిల్లీవోల్టుల దగ్గర రిపుల్ రెండున్నర గళ్ళు నిండుగా కనిపిస్తుంది.

ఆ కెపాసిటర్ డీసీని ఒక్కదాన్నే ఆపి ఊరుకోదు. కొన్ని హెర్ట్జ్‌ల కింద ఉన్నవాటిని కూడా కొరికేస్తుంది. 10 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్‌ని ఏసీ కప్లింగ్‌లో చూస్తే బల్లపరుపుగా ఉండాల్సిన పైభాగం వాలిపోతుంది. సర్క్యూట్‌లో ఏ తప్పూ ఉండదు. అలా వాలిన స్క్వేర్ వేవ్ పట్టుకుని ఎవరైనా నా దగ్గరికి వస్తే, సర్క్యూట్ వైపు చూడకుండానే "కప్లింగ్ చూడమ్మా" అంటాను.

ఇక ప్రోబ్. నాబ్‌ల గురించి రాస్తూ ప్రోబ్ ఎందుకంటే, దాని మీద కూడా ఒక కంట్రోల్ ఉంది, చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. 1ఎక్స్, 10ఎక్స్ అనే చిన్న స్లైడ్ స్విచ్. 10ఎక్స్‌లో సిగ్నల్ పదో వంతుకి తగ్గి స్కోప్‌లోకి వెళ్తుంది, స్కోప్ దాన్ని మళ్ళీ పదితో గుణించి చూపించాలి. అందుకు ఛానల్ మెనూలో కూడా 10ఎక్స్ అని పెట్టాలి. ఈ రెండూ కలవకపోతే 5 వోల్టులు 0.5 గానో, 50 గానో కనిపిస్తాయి. కాగితం మీద 5 అని రాసుకున్న పిల్ల 50 చూసి వెంటనే ఉలిక్కిపడుతుంది. రాయనివాళ్ళు రికార్డులో 50 అని రాసుకుని వెళ్ళిపోతారు.

స్విచ్‌ని 10ఎక్స్‌లోనే ఉంచమని నేను పోరేది ఎందుకంటే, స్కోప్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 1 మెగాఓమ్. 10ఎక్స్ ప్రోబ్ దానికి ముందు ఇంకో 9 మెగాఓమ్‌లు చేర్చి మొత్తం 10 చేస్తుంది, సర్క్యూట్ మీద భారం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం కెపాసిటెన్స్. 1ఎక్స్‌లో కేబుల్‌తో కలిపి దాదాపు 100 పికోఫారడ్‌లు సర్క్యూట్ మీద పడతాయి, 10ఎక్స్‌లో 10, 15కి దగ్గరలో ఉంటాయి. మైక్రోకంట్రోలర్ క్రిస్టల్ కాలు మీద 1ఎక్స్ ప్రోబ్ పెడితే క్రిస్టల్ ఆగిపోవచ్చు. తీసేస్తే మళ్ళీ నడుస్తుంది. అక్కడున్న లోడ్ కెపాసిటర్లే 20 పికోఫారడ్‌ల చుట్టుపక్కల ఉంటాయి మరి, వాటి మీద 100 తెచ్చి పడేస్తే ఏమవుతుంది! పైగా 1ఎక్స్‌లో ప్రోబ్ బ్యాండ్‌విడ్త్, అంటే అది సరిగ్గా దాటించగల ఫ్రీక్వెన్సీల హద్దు, కొద్ది మెగాహెర్ట్జ్‌లకే పడిపోతుంది. స్కోప్ మీద 100 మెగాహెర్ట్జ్ అని ఎంత పెద్దక్షరాలతో రాసి ఉన్నా సరే.

స్కోప్ ముందు భాగంలో చిన్న లోహపు కొక్కెం ఉంటుంది, అక్కడ సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంటుంది. 10ఎక్స్‌లో ఉన్న ప్రోబ్‌ని దానికి తగిలించి, ప్రోబ్ మీదున్న చిన్న స్క్రూని మూలలు చదునుగా వచ్చేదాకా తిప్పాలి. దీన్ని కాంపెన్సేషన్ అంటారు. మూలలు గుండ్రంగా ఉంటే అది తక్కువైనట్టు, ముక్కు పొడుచుకొస్తే ఎక్కువైనట్టు. ప్రోబ్ వేరే స్కోప్‌కో, వేరే ఛానల్‌కో మారితే మళ్ళీ చూసుకోవాలి. అర నిమిషం పని.

ప్రోబ్ నుంచి పక్కకి వేలాడే తీగ చివరి గ్రౌండ్ క్లిప్ గురించి మాత్రం అర నిమిషంలో చెప్పను. అది కొలిచే తీగ కాదు. మల్టీమీటర్‌కి ఉన్న రెండు తీగల అలవాటుతో ప్రోబ్ కొన ఒక చోట, క్లిప్ ఇంకో చోట, తోచినచోట పెట్టేయొచ్చనుకుంటారు. మెయిన్స్ (గోడ ప్లగ్ కరెంటు) మీద నడిచే మామూలు బెంచ్ స్కోప్‌లో క్లిప్, ప్రోబ్ తగిలించే బీఎన్‌సీ కనెక్టర్ బయటి లోహానికి, అది స్కోప్ బాడీకి, బాడీ మూడు పిన్నుల ప్లగ్ ద్వారా ఎర్త్‌కి నేరుగా కలిసి ఉంటాయి. అంటే క్లిప్ ఎక్కడ పెడితే అక్కడ ఎర్త్ పెట్టినట్టే. మెయిన్స్‌కి నేరుగా కలిసిన సర్క్యూట్‌లో, ఉదాహరణకి ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ప్రైమరీ వైపు, క్లిప్ పెడితే పెద్ద చప్పుడుతో షార్ట్ అవుతుంది. ప్రోబ్ పోతుంది, స్కోప్ పోవచ్చు, మనిషికి కూడా ప్రమాదం.

అన్ని ఛానళ్ళ క్లిప్‌లూ లోపల ఒకటే అన్నది ఇంకో సంగతి. ఛానల్ 1 క్లిప్ ఒక చోట, ఛానల్ 2 క్లిప్ ఇంకో చోట పెడితే ఆ రెండు చోట్లనీ తీగతో కలిపేసినట్టే. మీ బోర్డు యూఎస్‌బీ ద్వారా డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి తగిలించి ఉంటే దాని గ్రౌండ్ కూడా అప్పటికే ఎర్త్‌లో ఉంటుంది. కాబట్టి క్లిప్ వెళ్ళాల్సింది సర్క్యూట్ గ్రౌండ్‌కి, అక్కడికే. గ్రౌండ్‌కి తగలకుండా మధ్యలో ఉన్న రెసిస్టర్ రెండు కొసల మధ్య వోల్టేజి కావాలంటే రెండు ప్రోబ్‌లు చెరో కొసకీ పెట్టి, మ్యాథ్ మెనూలో ఛానల్ 1 నుంచి ఛానల్ 2 తీసేయమనండి. మెయిన్స్ వైపు చూడాల్సి వస్తే దానికి తగిన డిఫరెన్షియల్ ప్రోబ్ ఉంటుంది, అది లేకపోతే చూడకండి. స్కోప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ పీకేసి వాడొచ్చని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అలా చేస్తే షార్ట్ అవ్వదు, నిజమే. మీరు చేత్తో పట్టుకుని తిప్పుతున్న స్కోప్ బాడీకే మెయిన్స్ వోల్టేజి వస్తుంది. నా ల్యాబ్‌లో ఆ పని చేసినవాళ్ళు ఆ రోజు ఇంకేమీ చెయ్యరు, బయటికి పంపేస్తాను.

సరే, హారిజాంటల్. టైమ్ పర్ డివిజన్ నాబ్ ఒక్కో అడ్డగడి ఎంత కాలమో చెబుతుంది. 500 మైక్రోసెకన్ల దగ్గర పెట్టారు, ఒక పూర్తి ఆవర్తం 4 గళ్ళు పట్టింది, అంటే 2 మిల్లీసెకన్లు, అంటే 500 హెర్ట్జ్. కాగితం మీద రాసిన రెండో అంకె ఇక్కడ పనికొస్తుంది. హాబీ సర్వో మోటారు సిగ్నల్ చూడాలంటే, సాధారణంగా 20 మిల్లీసెకన్లకి ఒకసారి 1 నుంచి 2 మిల్లీసెకన్ల పల్స్ వస్తుందని తెలుసు కాబట్టి 5 మిల్లీసెకన్ల దగ్గర పెడితే తెరలో రెండున్నర ఆవర్తాలు పడతాయి. 9600 బాడ్ సీరియల్ డేటా అయితే ఒక బిట్ 104 మైక్రోసెకన్లు. 100 మైక్రోసెకన్లు పెడితే దాదాపు గడికో బిట్ వచ్చి కూర్చుంటుంది, అక్షరాన్ని వేళ్ళతో లెక్కపెట్టి చదవొచ్చు. అంచులు ఎంత నిటారుగా ఉన్నాయో చూడాలంటే అదే నాబ్‌ని నానోసెకన్లలోకి తిప్పాలి.

ఈ నాబ్‌లో ఓ మోసం ఉంది. డిజిటల్ స్కోప్ సిగ్నల్‌ని నమూనాలుగా ఏరి మెమరీలో పెట్టుకుంటుంది. మెమరీ 10 లక్షల పాయింట్లు అనుకుందాం. 100 మిల్లీసెకన్లు పర్ డివిజన్ పెడితే 10 గళ్ళకి 1 సెకను. ఆ సెకను మొత్తానికి 10 లక్షల పాయింట్లే కాబట్టి, స్కోప్ డబ్బా మీద సెకనుకి 100 కోట్ల నమూనాలని రాసి ఉన్నా, ఆ క్షణంలో అది తీసేది 10 లక్షలే. అందులో సగం, అంటే 500 కిలోహెర్ట్జ్ దాటిన సిగ్నల్ సరిగ్గా పట్టుబడదు. 1 మెగాహెర్ట్జ్‌కి రవ్వంత అటో ఇటో ఉన్న సిగ్నల్ ఇస్తే, తీరిగ్గా నడిచే అందమైన సైన్ వేవ్‌ని చూపిస్తుంది. పక్కా అబద్ధం. దీన్నే ఏలియాసింగ్ అంటారు. పట్టుకోవడం తేలికే: టైమ్ పర్ డివిజన్‌ని వేగం వైపు తిప్పండి. నిజమైన అల అయితే సాగుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మారదు. దొంగ అల చెదిరిపోయి, ఫ్రీక్వెన్సీ అంకె ఎక్కడికో ఎగిరిపోతుంది. వేగం వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా నెమ్మది వైపు రావడం నా అలవాటు.

ఇప్పుడు ట్రిగ్గర్.

ఎత్తు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, అయినా తెర మీద అల పక్కకి పరిగెడుతోంది, లేదా పది అలలు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుముడిలా ఉంది. ఇక్కడ పిల్లలు టైమ్ నాబ్‌ని అటూ ఇటూ తిప్పడం మొదలుపెడతారు. దాని వల్ల ఒరిగేదేమీ ఉండదు. స్కోప్ సెకనుకి ఎన్నోసార్లు తెరను కొత్తగా గీస్తుంది. ఊగుతున్న ఉయ్యాలని ఎప్పుడు పడితే అప్పుడు ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఏమీ అర్థం కాదు. అదే ఉయ్యాల మధ్య స్తంభాన్ని ముందుకి దాటుతున్నప్పుడు మాత్రమే తీస్తే, అన్ని ఫొటోల్లోనూ ఉయ్యాల ఒకే చోట ఉంటుంది. స్తంభం ఎక్కడుందన్నది ట్రిగ్గర్ లెవెల్, ముందుకా వెనక్కా అన్నది స్లోప్. సిగ్నల్ ఈ వోల్టేజిని పైకి వెళ్తూ దాటినప్పుడు గీయడం మొదలుపెట్టు అని మనం స్కోప్‌కి చెబుతున్నామన్నమాట.

పాత స్కోప్‌లకి తెరగా ఉండే కేథోడ్ రే ట్యూబ్‌ని కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ చేసింది 1897లో. ఆ తర్వాత చాలా ఏళ్ళు స్కోప్‌లలో గీత తన పాటికి తాను ఎడమ నుంచి కుడికి తిరుగుతూ ఉండేది, దాని వేగాన్ని సిగ్నల్‌తో జత కలిపే పని మనిషిది. హోవార్డ్ వోలమ్, జాక్ మర్డాక్ 1946లో మొదలుపెట్టిన టెక్‌ట్రానిక్స్ 1947లో తెచ్చిన 511 మోడల్‌లో, సిగ్నల్ వచ్చినప్పుడే గీత బయల్దేరే ట్రిగ్గర్డ్ స్వీప్ ఉంది. గీత సిగ్నల్ కోసం ఆగడం మొదలయ్యాక, ఎప్పుడో ఒకసారి వచ్చే పల్స్‌ని కూడా కొలిచే వీలు కలిగింది. నన్నడిగితే ఆ పరికరం మొత్తంలో తెలివైన భాగం ట్రిగ్గరే.

ట్రిగ్గర్ కుదరకపోతే నేను చూసే మొదటి విషయం సోర్స్. ప్రోబ్ ఛానల్ 2లో ఉంటుంది, ట్రిగ్గర్ సోర్స్ ఛానల్ 1 అని ఉంటుంది. ఖాళీ ఛానల్‌లో స్కోప్ ఎవరి కోసం ఎదురుచూస్తుంది పాపం. రెండోది లెవెల్. లెవెల్ బాణం సిగ్నల్ పైఅంచుకీ కిందిఅంచుకీ మధ్యలో ఉండాలి. 0 నుంచి 3.3 వోల్టుల సిగ్నల్‌కి లెవెల్ 4 వోల్టుల దగ్గర ఉంటే ఆ గీతని ఎవరూ దాటరు. 1.6 దగ్గర పెట్టండి, అల టక్కున నిలబడుతుంది. చాలా స్కోప్‌లలో లెవెల్ నాబ్‌ని నొక్కితే సరాసరి మధ్యకి వస్తుంది.

మూడోది మోడ్. ఆటో మోడ్‌లో స్కోప్ కాసేపు ట్రిగ్గర్ కోసం చూసి, రాకపోతే రాకపోయిందని గీసేస్తుంది. అందుకే ట్రిగ్గర్ తప్పినా తెర ఖాళీగా ఉండదు, అల పరిగెడుతూ ఉంటుంది. సిగ్నల్ అసలు ఉందా లేదా తెలియనప్పుడు ఇదే మంచిది. నార్మల్ మోడ్ మొండిది, షరతు తీరేదాకా గీయదు. పాత బొమ్మే తెర మీద ఉండిపోతుంది, లేదా తెర ఖాళీగా ఉంటుంది. "హ్యాంగ్ అయింది మేడమ్" అని స్కోప్ ఆఫ్ చేయబోతారు. హ్యాంగ్ కాలేదు, మీరు చెప్పిన పనే చేస్తోంది, వేచి ఉంది. తెర పై అంచున చిన్న అక్షరాల్లో రెడీ, ఆటో, ట్రిగ్గర్డ్ అని ఏదో ఒకటి రాసి ఉంటుంది. ముందు ఆ మాట చదివే అలవాటు చేసుకోండి. సగం ప్రశ్నలు నా దాకా రావు.

సింగిల్ మోడ్ ఒక్కసారి పట్టుకుని ఆగిపోతుంది. దీన్ని చూపించడానికి నాకు నచ్చిన ప్రయోగం పుష్ బటన్. బటన్‌కి 3.3 వోల్టుల పుల్ అప్ రెసిస్టర్ (నొక్కనప్పుడు వోల్టేజిని పైనే ఉంచేది), ట్రిగ్గర్ ఫాలింగ్ ఎడ్జ్ (కిందికి దిగే అంచు), లెవెల్ 1.6 వోల్టులు, 1 మిల్లీసెకను పర్ డివిజన్, సింగిల్. ఇప్పుడు బటన్ ఒక్కసారి నొక్కమంటాను. కాగితం మీద అందరూ ఒక మెట్టు గీస్తారు, 3.3 నుంచి 0కి దిగిన ఒకే ఒక్క మెట్టు. తెర మీద చాలా బటన్లకి ఆ మెట్టు దగ్గర దువ్వెన పళ్ళలా కిందికీ పైకీ గీతలు కనిపిస్తాయి. లోపలి లోహపు రేకు తగిలి, ఎగిరి, మళ్ళీ తగులుతోంది. ఒక్కసారి నొక్కితే, నొక్కుల్ని లెక్కపెట్టే కౌంటర్ మూడో నాలుగో ఎందుకు పెరుగుతోందో అప్పుడు అర్థమవుతుంది. ఆటోసెట్‌తో ఈ బొమ్మ దొరకదు, అది వెతికేది మళ్ళీ మళ్ళీ వచ్చే సిగ్నల్ కోసం.

అక్కడే హారిజాంటల్ పొజిషన్ నాబ్ కూడా చూపిస్తాను. ట్రిగ్గర్ పాయింట్ మామూలుగా తెర మధ్యలో ఉంటుంది. ఎడమవైపుకి రెండు గళ్ళ దాకా జరిపితే ట్రిగ్గర్ తర్వాతి కథకి చోటెక్కువ దొరుకుతుంది. దాని ఎడమ వైపు కనిపించేది ట్రిగ్గర్‌కి ముందు జరిగింది. డిజిటల్ స్కోప్ నిరంతరం మెమరీలోకి రాసుకుంటూనే ఉంటుంది కాబట్టి జరిగిపోయినదాన్ని కూడా చూపించగలదు. పాత అనలాగ్ స్కోప్‌లలో ట్రిగ్గర్ చేసిన అంచునైనా చూడాలంటే సిగ్నల్‌ని కాసేపు ఆలస్యం చేసే డిలే లైన్ లోపల పెట్టాల్సి వచ్చేది.

హోల్డాఫ్ అని ఇంకొకటుంది, దాన్ని దాదాపు ఎవరూ ముట్టుకోరు. గుంపుగా 8 పల్సులు వచ్చి, కాసేపు ఖాళీ, మళ్ళీ 8 పల్సులు అనుకోండి. స్కోప్‌కి ఎనిమిదింటిలో ఏదైనా ఒకటే, ఒకసారి మొదటి దానికి, ఇంకోసారి అయిదో దానికి ట్రిగ్గర్ అవుతుంది, బొమ్మ వణుకుతుంది. హోల్డాఫ్‌ని గుంపు పొడవుకన్నా కాస్త ఎక్కువకి పెంచితే, ఒకసారి ట్రిగ్గర్ అయ్యాక అంతసేపు స్కోప్ దేన్నీ పట్టించుకోదు. ఖాళీ దాటాక వచ్చే మొదటి పల్స్ దగ్గరే మళ్ళీ లేస్తుంది. సోర్స్, లెవెల్, స్లోప్ అన్నీ సరిగ్గా ఉండి కూడా బొమ్మ వణికితే దీన్ని గుర్తు తెచ్చుకోండి.

మా ల్యాబ్ మూలలో ఒక అనలాగ్ స్కోప్ కూడా ఉంది. దాని మీద ట్రేస్ రొటేషన్ అని చిన్న స్క్రూ ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్ పుంజాన్ని కాస్త వంచుతుంది కాబట్టి, స్కోప్ దిక్కు మార్చి పెడితే అడ్డగీత కొద్దిగా ఏటవాలు అవ్వచ్చు. ఆ స్క్రూతో సరిచేసుకోవాలి. పాఠంలో లేకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. అలాంటి స్కోప్ మీ చేతికి వస్తే వోల్ట్స్, టైమ్ నాబ్‌ల మధ్యలో ఉండే చిన్న వేరియబుల్ నాబ్‌లు క్యాల్ అనే గుర్తు దగ్గర క్లిక్ మని కూర్చున్నాయో లేదో చూడండి. లేకపోతే గళ్ళ లెక్కంతా వృథా.

చివరగా, అంచుల దగ్గర కనిపించే వణుకు. స్క్వేర్ వేవ్ పైకెక్కగానే నాలుగైదు చిన్న అలలు వచ్చి సద్దుమణుగుతుంటాయి, రింగింగ్. సర్క్యూట్‌లో తప్పుందని కెపాసిటర్లు మార్చడం మొదలుపెడతారు. ముందు ప్రోబ్ గ్రౌండ్ తీగ చూడండి. ఓ జానెడు తీగకి 100, 150 నానోహెన్రీల ఇండక్టెన్స్ తేలిగ్గా ఉంటుంది. ప్రోబ్ కెపాసిటెన్స్‌తో కలిసి అదే మోగుతుంది. స్కోప్‌లో 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆన్ చేస్తే ఆ వణుకు చాలావరకు మాయమవుతుంది, కానీ నిజంగా ఉన్న వేగవంతమైన అంచు కూడా దాంతోపాటు మొద్దుబారుతుంది. సప్లై రిపుల్ కొలవడానికి అది సరిపోతుంది గానీ రింగింగ్ ఎవరిదో తేల్చడానికి కాదు. తేల్చాలంటే క్లిప్ ఉన్న పొడవాటి తీగను పీకేసి, ప్రోబ్‌తో వచ్చే చిన్న స్ప్రింగ్‌ని కొన దగ్గరున్న లోహపు రింగుకి తొడిగి, కొలిచే చోటుకి పక్కనే ఉన్న గ్రౌండ్‌కి ఆనించండి. స్ప్రింగ్ పోయి ఉంటే (మా దగ్గర ఎప్పుడూ పోయే ఉంటుంది) సన్నటి రాగి తీగ రెండు చుట్లు చుట్టినా పనవుతుంది. వణుకు మారితే అది ప్రోబ్‌ది. అలాగే ఉంటే అప్పుడు సర్క్యూట్‌లో వెతకండి.